తుఫాను ముంగిట ప్రయాణము: రద్దు ఎవరు చేయవలెను?

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుఫాను నరసాపురము సమీపమున తీరము దాటిపోయిన పిమ్మట, మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములనుండి నా కార్యాలయమునకు వచ్చిన కక్షిదారులలో, చేను మునిగినదనియో గోడ కూలినదనియో వచ్చినవారితోపాటు ఒక క్రొత్త తరగతివారు కూడ కనబడిరి. వీరు కార్తికమాసమున సింహాచలము, అన్నవరము, అరకు మొదలైన తావులకు సకుటుంబముగా పోవలెనని ముందే సొమ్ము చెల్లించి, తుఫాను వార్త విని ప్రయాణము మానుకొని, తరువాత ఆ సొమ్ము తిరిగి రానందున తిరుగులాడుచున్నవారు. వీరి కాగితములు చూడగా నాకు తేటపడినదేమనగా, వీరిలో పెక్కుమంది ప్రయాణము మానుటవలన నష్టపోలేదు. మానిన తీరువలన నష్టపోయిరి.

ఈ ఊళ్లున్న నాటి పడమటి ప్రకాశము కరవుసీమ. గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కంభము చెరువు నిండవలెనన్నను, పలకల గనుల నడుమనున్న మా మెట్టచేలు తడియవలెనన్నను బంగాళాఖాతములో వాయుగుండము పుట్టవలసినదే. కావున తుఫాను వచ్చుచున్నదనగానే ఇచ్చటివారికి మొదట కలుగునది భయము కాదు, ఆశ. ఆ ఆశలో మూడు నాలుగు దినములు "మనకేం లే" యని గడపి, చివరి ఘడియలో టీవీలో విశాఖ అలలను చూచి బెదరి, ఆ బెదరులో ఫోను తీసి "మా ప్రయాణం క్యాన్సిల్ చేయండి" యని మాట విసరుట మా వారికి పరిపాటియైనది. ఆ ఒక్క మాటయే ఉచ్చు.

ప్రయాణము మానుట వేఱు, ఒప్పందమును రద్దుచేయుట వేఱు. మొదటిది మీ ప్రాణమునకు సంబంధించినది; దానిని మీరు ఎప్పుడైనను, ఎవరి అనుమతియు లేకుండ చేయవచ్చును. రెండవది మీ సొమ్మునకు సంబంధించినది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 56వ సెక్షను ప్రకారము, ఒప్పందము కుదిరిన తరువాత ఎవరి తప్పును లేకుండ దాని నెరవేర్పు అసాధ్యమైనయెడల ఆ ఒప్పందము చెల్లకుండపోవును. అట్లు చెల్లకపోయినప్పుడు దానివలన లాభము పొందినవాడు ఆ లాభమును తిరిగి ఇచ్చివేయవలెనని 65వ సెక్షను శాసించుచున్నది. కాని ఆ అసాధ్యత ఏర్పడకముందే మీరు నోరు జాఱి రద్దుచేసితిరా, అప్పుడు ఒప్పందమును విడిచినది తుఫాను కాదు, మీరు. ఎదుటివాడు మీవద్ద నష్టపరిహారము రాబట్టుకొనువాడగును. ఎంత పట్టుకొనవచ్చునను తగవు మాత్రమే మీకు మిగులును.

ప్రస్తుతము నా బల్లమీదనున్న వ్యవహారమునే చెప్పెదను. గిద్దలూరు ప్రాంతపు సైనికుడొకడు, సెలవుమీద ఇంటికి వచ్చినవాడు, తల్లి మ్రొక్కు తీర్చుటకు సింహాచలమును, పిల్లల వేడుకకు అరకును కలిపి, రైలు, గది, కారు అన్నియు చేర్చి ఒక ఏజెంటుతో మాట్లాడుకొని, సొమ్మంతయు ఫోనుద్వారా ముందే చెల్లించినాడు. 26వ తేదీన ఆ ఏజెంటే ఫోను చేసి, "అన్నా, తుఫాను పెద్దదంట, పిల్లలతో పోవడం మంచిది కాదు. క్యాన్సిల్ చేసేమంటారా? ఒక్క మెసేజ్ పెట్టండి చాలు" అనెను. ఎంత దయామయమైన పలుకు! మా సైనికుడు కృతజ్ఞతతో "సరే తమ్ముడూ, క్యాన్సిల్ చెయ్యి" అని వాట్సాప్‌లో వ్రాసి పంపెను. మఱునాడు రైల్వేవారు ఆ రైలునే రద్దుచేసిరి. పది దినముల తరువాత సొమ్మడుగగా వచ్చిన జవాబు: "మీరే గదా అన్నా క్యాన్సిల్ చేయమన్నారు, రూల్సు ప్రకారం ఏమీ రాదు."

ఇందులోని చమత్కారము చూడుడు. మేము ఫిర్యాదులో చెప్పునదేమనగా, ఆ మెసేజి చేతబట్టుకొన్న ఏజెంటు టికెట్లను ఆనాడు రద్దుచేయనే లేదు. రైల్వేవారు తామే రద్దుచేయువఱకు ఓపికతో కాచుకొని, పూర్తి ఛార్జీని తన ఖాతాలో జమ వేయించుకొనెను. ఏ ఓపిక తన కక్షిదారునకు నేర్పవలసియుండెనో ఆ ఓపికను తాను మాత్రము చక్కగా పాటించినాడు! అధీకృత ఏజెంటు తీసిన ఈ-టికెట్టు రద్దయినప్పుడు వాపసు వచ్చు మొత్తమెంతో తెలుపుచు, ఒక ఓటీపీని ప్రయాణికుని ఫోనునకు పంపు ఏర్పాటు 2019 నుండియు కలదు. కాని టికెట్టు తీసినప్పుడు ప్రయాణికుని నంబరునకు బదులు తన నంబరునే వ్రాసికొన్న ఏజెంటునకు ఆ ఏర్పాటు ఏమి అడ్డు? మా సైనికుడు టికెట్టుమీద ఎవరి నంబరున్నదో చూచుకొననే లేదు. సొమ్ము పంపినది ఏజెంటు బంధువు ఖాతాకు; రశీదు అడుగలేదు; ఫోనులో చోటు చాలలేదని పాత మెసేజిలు సగము తుడిచివేసినాడు. సరిహద్దులో కంటికి రెప్ప వేయక కావలి కాయువాడు తన సొమ్ము విషయమున ఇంత నిదురపోవుట నాకు వింతగా తోచును.

అయినను దారి లేకపోలేదు. ఏజెంటు తన యజమాని, అనగా తనకు పని అప్పగించినవాని, తరఫున పుచ్చుకొన్న సొమ్మునంతయు, న్యాయమైన తగ్గింపులు పోను, యజమానికి అప్పగింపవలెనని కాంట్రాక్టు చట్టము 218వ సెక్షను చెప్పుచున్నది. రద్దు ఎవరు కోరిరను వాదము ఎట్లున్నను, మీ పేరిట రైల్వేనుండి వచ్చిన పైకము మీదే. ఈ ఆధారముతో ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషను ముందు ఫిర్యాదు నడచుచున్నది. రశీదు వెనుక "ఎట్టి పరిస్థితులలోను సొమ్ము వాపసు ఇవ్వబడదు" అని అచ్చువేయించుకొన్న ఇతర ఏజెంట్లు కూడ వినుడు: మితిమీరిన జరిమానా విధించు షరతును అన్యాయపు ఒప్పందముగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2(46) సెక్షను గుర్తించినది. అయితే ఆ షరతునే కొట్టివేయుమని కోరువారు రాష్ట్ర కమిషనునకు పోవలెను. సేవాలోపమని అడుగువారికి జిల్లా కమిషను చాలును.

ఇక రైలు సంగతి. 2015 నవంబరునుండి అమలునకు వచ్చి మొంథానాటికి నడచుచుండిన వాపసు నియమములలో, ఖాయమైన టికెట్టును బండి బయలుదేరుటకు 48 గంటలకు ముందు రద్దుచేసినయెడల స్లీపరు తరగతికి తలకు 120 రూపాయలు, మూడవ ఏసీకి 180 రూపాయలు మాత్రమే తగ్గించెడివారు. 48 మొదలు 12 గంటలలోపు నాలుగవవంతు, 12 మొదలు 4 గంటలలోపు సగము పోయెడిది. ఆపైన ఏమియు వచ్చెడిది కాదు. ఈ అంకెలు మాఱుచుండును గనుక మీ టికెట్టు నాటి అంకెలను చూచుకొనుడు. లెక్కవేయు తీరు మాత్రము ఇదే. వాతావరణశాఖవారు తీరమున ప్రతికూల వాతావరణము మొదలగుటకు 72 గంటల ముందు తొలి సూచనను, 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు తుఫాను హెచ్చరికను వెలువరింతురు. తొలి సూచనకును, ఆ నియమములలో రైల్వే తగ్గింపు పెరిగెడి 48వ గంటకును మధ్య దాదాపు ఒక్క దినము మిగిలెడిది. ప్రయాణము మానదలచినవాడు మేలుకొని ఆలోచింపవలసిన దినము అదియే. అట్టి వ్యవధి ఉన్నచో ఆనాడు స్వల్పపు తగ్గింపుతో మీరే రద్దుచేసికొనుట తెలివి. నా హెచ్చరికకు ఇది మినహాయింపు. ఆ దినము దాటినపిదప తొందరపడి రద్దు చేయకుడు. బండిని రైల్వేవారు రద్దుచేసినచో ఈ-టికెట్టు సొమ్ము పూర్తిగా దానంతట అదే వచ్చును. మూడు గంటలకు మించి ఆలస్యమైన బండి ఎక్కక, అది బయలుదేరకముందే దరఖాస్తు చేసికొన్నను పూర్తిగా వచ్చును. బండి నడచునని ఖాయముగా తెలిసినప్పుడు మాత్రమే గంటలు లెక్కవేసి, ఎంత దక్కునో అంత దక్కించుకొనుడు.

కౌంటరులో తీసిన టికెట్టుగలవారు ఇంకను జాగరూకులు కావలెను. వారికి సొమ్ము దానంతట రాదు. బయలుదేరవలసిన దినము కాక మూడు దినములలోపల టికెట్టును అప్పగింపవలెను. బండి రద్దయినదని విని ఆ కాగితమును చించి పారవేసినవారిని నేను చూచితిని. సకాలమున వెళ్లినవారిని "ఇక్కడ కాదు, టికెట్టు కొన్న స్టేషనుకే పొండి" యని త్రిప్పి పంపి గడువు దాటించిన కౌంటరు గుమాస్తాల కథలును వింటిని. ప్రజలకు నియమము తెలియకపోవుట అజ్ఞానము. జీతము తీసికొనువానికి తెలియకపోవుటకు నా నిఘంటువులో మర్యాదగల పేరు లేదు. అట్టివాని ఎదుట వాదులాడక, "తిరస్కరించుటకు కారణము వ్రాసి ఇండు" అని అడుగుడు. వ్రాయవలసివచ్చినప్పుడు నియమములు చప్పున జ్ఞప్తికి వచ్చును. మఱియొక మాట: పోవు బండి రద్దయినంతమాత్రమున తిరుగు ప్రయాణపు టికెట్టు తానై రద్దుకాదు. అది వేఱు టికెట్టు. దానిని వేఱుగా చూచుకొనవలెను.

అద్దె వాహనముల విషయమున మొంథా మంచి పాఠము చెప్పినది. 28వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర గంటలనుండి మఱునాటి ఉదయము ఆరు గంటలవఱకు కృష్ణా, ఏలూరు, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ జిల్లాలలోను, అప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతూరు, రంపచోడవరము డివిజన్లలోను ప్రభుత్వము వాహనముల రాకపోకలను నిలిపివేసినది. మన ప్రాంతమునుండి విజయవాడమీదుగా విశాఖకు పోవు మార్గము ఆ జిల్లాలగుండనే సాగును. ఆ రాత్రి కుదిరిన బాడుగ నెరవేర్చుట యజమానికి చట్టరీత్యా అసాధ్యము. కనుక అడ్వాన్సు తిరిగి ఇయ్యవలసినదే. కాని 27వ తేదీననే "మాకు బండి వద్దు" అని చెప్పినవానికి ఈ ఉత్తర్వు అక్కఱకు రాదు. మరల చెప్పుచున్నాను: ముందు నోరు జాఱినవాడు వెనుక చట్టమును పట్టుకొనలేడు.

మార్గము మూసిన సంగతి వేఱు. వేడుక చెడిన సంగతి వేఱు. 1902లో ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు అస్వస్థతవలన పట్టాభిషేకము వాయిదా పడగా, ఊరేగింపు చూచుటకు గదులు కుదుర్చుకొన్నవాడు మిగిలిన బాడుగ ఈయనక్కఱలేదని అచ్చటి అప్పీలు న్యాయస్థానము 1903లో క్రెల్ వర్సెస్ హెన్రీ యను వ్యాజ్యమున తీర్పుచెప్పినది. ఆ సంవత్సరమే ఆ న్యాయస్థానమే, రాజు జరుపు నౌకాదళ తనిఖీని చూచి, ఓడలను చుట్టివచ్చుటకు పడవ కుదుర్చుకొన్నవానితో, తనిఖీ జరుగకున్నను ఓడలు నిలిచియేయున్నవి గనుక బాధ్యత తప్పదనెను. ఈ రెండు తీర్పుల మధ్యనున్నది మన యాత్రికుని స్థితి. సముద్రతీరమునకు పోరాదని ఆంక్ష పెట్టినంతమాత్రమున సింహాచలపు గది ఒప్పందము చెడదు. ఆ గది తెఱచియుండి, దారి తెఱచియుండగా మీరు పోకపోయిన, హోటలువారి రద్దు షరతులే మీకు వర్తించును.

విమానయానము చేయువారికి క్లుప్తముగా: సంస్థ తానే విమానమును రద్దుచేసినచో తుఫాను కారణముగా నష్టపరిహారము తప్పవచ్చునేమోగాని, టికెట్టు సొమ్ము వాపసో వేఱు విమానమో తప్పదు. సొమ్మును మీ సమ్మతి లేక క్రెడిట్ షెల్‌లో, అనగా తరువాతి టికెట్టుకు జమగా, పెట్టరాదు. వాపసు లేని టికెట్టును మీరే రద్దుచేసినను విమానాశ్రయపు రుసుములు, పన్నులు మీకు రావలసినవే. ఇన్సూరెన్సు ఉన్నదని నిశ్చింతగా ఉండువారికి కూడ ఒక మాట: రైలు టికెట్టుతో పైసలలో కొను బీమా ప్రమాదమునకే గాని, ప్రయాణము మానినందుకు కాదు.

ఇంత చెప్పినందున సొమ్ముకొఱకు తుఫానునకు ఎదురు పోవుడని నేను చెప్పినట్లు ఎవరైన తలచినచో, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖమీద పడినప్పుడు విమానాశ్రయము ధ్వంసమై, విద్యుత్తు, ఫోనులు నిలిచి, ఆ మహానగరము దినములతరబడి అల్లాడిన సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పైగా ప్రభావిత ప్రాంతమునకు వాహనములను, మనుష్యులను రాకుండ నియంత్రించు అధికారము 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము 34వ సెక్షను జిల్లా యంత్రాంగమునకు ఇచ్చినది. ఆ ఉత్తర్వు మీరినవానికి 51వ సెక్షను క్రింద జైలు కలదు. కనుక పోకుడు. ఇంట కూర్చుండుడు. కాని కూర్చుండి, రద్దు అను మాట లేకుండ ఈ విధముగా వ్రాసి పంపుడు: "తుఫాను హెచ్చరికల దృష్ట్యా మా యాత్రను అనుకున్న తేదీల్లో మీరు సురక్షితంగా నడపగలరా? లేకుంటే వాయిదా వేస్తారా, సొమ్ము వాపసు ఇస్తారా? ఈ సాయంత్రంలోగా వ్రాసి తెలపండి. మేము రద్దు కోరడం లేదు." జవాబు ఏది వచ్చినను భద్రపఱచుడు, రాకపోయినచో ఆ మౌనమునుకూడ భద్రపఱచుడు.

సొమ్ము ఇదివఱకే చిక్కుకొన్నవారు ముందు 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకొనుడు. అది ఫలింపనిచో, మీరు నివసించు చోటనే వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము ఐదు లక్షలు మించనివారికి రుసుము లేదు. రైల్వేమీదనే ఛార్జీ వాపసు అడుగువారు మాత్రము కమిషనునకు కాక రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునలునకు పోవలెను. కమిషనులో ఫిర్యాదుకు రెండు సంవత్సరములు గడువు. మొంథానాడు సొమ్ము పోగొట్టుకొన్నవారు 2027 అక్టోబరు వచ్చువఱకు "చూద్దాం లే" యని కూర్చుండి, ఆ నెల చివరి వారమున నా తలుపు తట్టవలదని ముందే మనవి.