మూడు, పది, పన్నెండు: సైనస్‌ను దారిలో పెట్టే లెక్క

తల వంచితే నుదురు బరువెక్కుతుంది. చెంపలు సలుపుతాయి. ముక్కు దిబ్బడతో రాత్రంతా నోటితో గాలి పీలుస్తారు. తెల్లారేసరికి గొంతు ఎండిపోయి ఉంటుంది. ఆఫీసులో మీటింగ్ నడుస్తుంటే మీ ధ్యాసంతా జేబులో కర్చీఫ్ మీదే.

ఏళ్ల తరబడి ఇలా నెట్టుకురావాల్సిన అవసరం మీకు లేదు. "మా ఇంట్లో అందరికీ సైనసే, ఇది పోయేది కాదులే" అనే మాటను ఇవాళే పక్కన పెట్టండి.

అక్యూట్ సైనసైటిస్, అంటే అప్పటికప్పుడు వచ్చేది, చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. నెలల తరబడి వదలని క్రానిక్ సైనసైటిస్‌ను కూడా సరైన ట్రీట్‌మెంట్‌తో అదుపులో ఉంచుకోవచ్చు. సగం పని డాక్టర్‌ది. మిగతా సగం మీ అలవాట్లది. ఆ సగాన్ని గెలవాలంటే మూడు నంబర్లు చాలు: 3 రోజులు, 10 రోజులు, 12 వారాలు. మాత్రలు లెక్కపెట్టడం ఆపి, రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టండి.

ముందు మీ ముఖం లోపలికి చూడండి

సైనస్‌లు అంటే ముఖం ఎముకల్లో ఉండే గాలి గదులు. మొత్తం నాలుగు జతలు. నుదుట్లో ఒకటి, చెంపల్లో ఒకటి, రెండు కళ్ల మధ్య ఒకటి, ముక్కు వెనుక బాగా లోపల ఒకటి. వీటి గోడల్లో పల్చటి జిగురు ఊరుతూ ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నని రోమాలు ఆ జిగురును నిమిషం తీరిక లేకుండా ముక్కువైపు నెడుతుంటాయి.

చెంప సైనస్‌లో ఒక చిక్కుంది. ఇంటి మీది వాటర్ ట్యాంకుకు అడుగున పైపు ఉంటుంది కదా, దీనికి దారి పైభాగంలో ఉంటుంది. అంటే జిగురు దానంతట అది జారిపోదు. ఆ రోమాలే పైకి మోసుకెళ్లాలి. జలుబు చేసి దారి వాచిందా, లోపలిది లోపలే నిలిచిపోతుంది. బరువు, నొప్పి, పచ్చటి చీమిడి అన్నీ అక్కడే మొదలవుతాయి.

కాబట్టి మీ లక్ష్యం ఒక్కటే. వాపు తగ్గించాలి, దారి తెరిచి ఉంచాలి. ఇక మీదట చెప్పేదంతా దాని కోసమే.

మొదటి నంబర్: 3 రోజులు

ముక్కు బిగుసుకుంటే చుక్కల మందు వేసుకుంటారు. ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ లాంటివి. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. హాయిగా ఉంటుంది. అసలు ప్రమాదం ఆ హాయిలోనే ఉంది.

రోజుల తరబడి వాడితే మందు ప్రభావం దిగగానే వాపు ఇంకా ఎక్కువవుతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. దిండు కింద సీసా లేనిదే నిద్ర పట్టనివాళ్లు చాలామంది ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే సిగ్గుపడకండి, డాక్టర్‌కు చెప్పండి. మాన్పించే పద్ధతి ఉంది.

మీ రూల్ ఇది: సీసా తెరిచిన రోజు తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. మూడో రోజు దాటితే పక్కన పెట్టేయండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు అసలు వాడొచ్చో లేదో ముందే అడగండి.

రెండో నంబర్: 10 రోజులు

మెడికల్ షాపు ముందు రోజూ వినిపించే మాట: "అన్నా, జలుబు పట్టేసింది, మంచి యాంటీబయాటిక్ ఒకటి ఇవ్వు." ఆయన మూడు మాత్రలు చింపి ఇస్తాడు. మూడు రోజుల్లో తగ్గుతుంది. మాత్రే తగ్గించిందని మీ నమ్మకం.

నిజం వేరు. అక్యూట్ సైనసైటిస్‌లో ఎక్కువ శాతం వైరస్ వల్ల వచ్చేదే. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు. మూడు నుంచి ఐదు రోజుల్లో బాధ బాగా పెరిగి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. అది దిగే సమయంలో మీరు మాత్ర వేసుకున్నారు, అంతే.

చీమిడి పచ్చగా మారింది కాబట్టి బాక్టీరియా అనుకోకండి. ఒంట్లోని తెల్ల రక్తకణాలు పోరాడుతున్నప్పుడు కూడా రంగు మారుతుంది.

మరి బాక్టీరియాను ఎప్పుడు అనుమానించాలి? ఈ మూడింటిలో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరకు వెళ్లండి:

1. 10 రోజులు గడిచినా ఏమాత్రం తగ్గకపోవడం.
2. కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ జ్వరం, నొప్పి తిరగబెట్టడం.
3. మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరం, చీముతో కూడిన చీమిడి, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వదలకపోవడం.

అప్పుడు డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వాడండి. బాగుందని మధ్యలో ఆపొద్దు. మిగిలినవి దాచి పక్కింటివాళ్లకు ఇవ్వొద్దు.

ఈ 10 రోజులూ ఊరికే కూర్చోనక్కర్లేదు. విశ్రాంతి, వేడి వేడి చారు, నొప్పికి పారాసెటమాల్, ఉప్పునీటితో ముక్కు శుభ్రం. ఆవిరి పడితే కాసేపు ఊరటగా ఉంటుంది, పట్టండి. కానీ మరిగే గిన్నె మీద పిల్లల్ని వంచి దుప్పటి కప్పకండి. గిన్నె ఒరిగితే ఒళ్లు కాలుతుంది.

మూడో నంబర్: 12 వారాలు

ముక్కు దిబ్బడ, చీమిడి లేదా అది గొంతులోకి జారడం, ముఖం బరువు, వాసన తెలియకపోవడం. వీటిలో కనీసం రెండు 12 వారాలు దాటి ఉంటే అది క్రానిక్ సైనసైటిస్ కావచ్చు. ఇక ఇంటి వైద్యంతో సరిపెట్టుకోవద్దు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ముక్కులోకి ఎండోస్కోప్ పెట్టి చూస్తారు. అవసరమైతే సీటీ స్కాన్ చేయిస్తారు.

దీని వెనుక లేదా దీనికి తోడుగా తరచూ ఉండేవి ఇవి:

- అలర్జీ: పరుపులోని డస్ట్ మైట్స్, బొద్దింకలు, గోడల బూజు, వయ్యారిభామ పుప్పొడి.
- ముక్కు దూలం వంకర.
- పాలిప్స్, అంటే ముక్కులో పెరిగే మెత్తటి కండ.
- పై దవడ పంటి ఇన్ఫెక్షన్. ఒకవైపే దుర్వాసనతో చీమిడి కారుతుంటే దంతవైద్యుడికీ చూపించండి.
- సిగరెట్. జిగురును నెట్టే రోమాలను అది దెబ్బతీస్తుంది.
- ఆస్తమా. కొందరికి ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు కూడా పడవు.

రాత్రి పావుగంట మీ ముక్కుకు ఇవ్వండి

క్రానిక్ సైనసైటిస్‌కు పునాది లాంటి ట్రీట్‌మెంట్ రెండే: ఉప్పునీటి కడుగుడు, స్టెరాయిడ్ స్ప్రే. రెండూ అలవాటు మీద నడిచేవే. పళ్లు తోముకున్నాక పడుకునే ముందు చేయండి. టైం ఫిక్స్ అయితే మర్చిపోరు.

*స్టెప్ 1: నీళ్లు.* ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చిన నీళ్లు 240 మిల్లీలీటర్లు తీసుకోండి. అయోడిన్ కలపని ఉప్పు అర టీస్పూను, చిటికెడు వంట సోడా వేయండి. షాపులో దొరికే రెడీమేడ్ పాకెట్లూ పనికొస్తాయి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వద్దు. ఆర్వో క్యాన్ నీళ్లనైనా మరిగించాకే వాడండి. మెదడుకు సోకే అమీబా అరుదే కానీ, సోకితే ప్రాణాంతకం. అది లోపలికి వెళ్లే దారి ముక్కే.

*స్టెప్ 2: కడగడం.* వాష్‌బేసిన్ మీదికి వంగి తల ఒక పక్కకు తిప్పండి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ పైనున్న రంధ్రంలో నీళ్లు పోయండి. కింది రంధ్రం నుంచి బయటికొస్తాయి. యోగాలో జలనేతి చేసేవాళ్లకు ఇది తెలిసిన పనే. తర్వాత మెల్లగా చీదండి. రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదితే చెవులకు ఇబ్బంది. బాటిల్ కడిగి ఆరబెట్టండి.

*స్టెప్ 3: స్ప్రే.* డాక్టర్ రాసిన ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్ప్రేను కాసేపాగి కొట్టండి. తల కొంచెం కిందికి వంచండి. కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడండి. ముక్కు మధ్య గోడకు కాకుండా చెవివైపు గురిపెట్టండి. గోడకు కొడితే రక్తం రావచ్చు. గట్టిగా ఎగబీల్చకండి, మందు గొంతులోకి పోతుంది.

స్టెరాయిడ్ అనగానే భయమా? ముక్కు స్ప్రేలో డోసు తక్కువ, రక్తంలోకి వెళ్లేది మరీ తక్కువ. అసలు సమస్య వేరే ఉంది. నాలుగు రోజులు కొట్టి "పని చేయట్లేదు" అని మానేస్తారు. ఇది చుక్కల మందులా నిమిషాల్లో పని చేయదు. వారాలు పడుతుంది. కనీసం 8 వారాలు ఓపిక పట్టండి.

మీ ట్రిగ్గర్‌ను మీరే పట్టుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. రోజుకు రెండు లైన్లు చాలు. ముక్కు ఎలా ఉంది? నిన్న ఏం చేశాను? పండగకు బూజు దులిపిన మర్నాడు తుమ్ములు మొదలయ్యాయా? మస్కిటో కాయిల్ వెలిగించిన రాత్రి ముక్కు మూసుకుపోయిందా? నెల తిరిగేసరికి మీ శత్రువు పేరు ఆ నోట్‌బుక్కే చెబుతుంది.

తర్వాత మార్పులు చేయండి:

- దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి.
- పొడి చీపురు బదులు తడిగుడ్డ వాడండి. దులపక తప్పదంటే మాస్క్ పెట్టుకోండి.
- పడకగదిలో కాయిల్స్, అగరుబత్తులు ఆపేసి దోమతెర కట్టండి.
- ఏసీ ఫిల్టర్ కడగండి.
- సిగరెట్ మానేయండి. ఇంట్లో ఎవరూ కాల్చకూడదు.

ప్రతి తలనొప్పీ సైనస్ కాదు

2004లో అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. సైనస్ తలనొప్పి అనుకుంటున్న దాదాపు 3 వేల మందిని పరిశీలిస్తే, 88 శాతం మందిలో ఉన్నవి మైగ్రేన్ తరహా లక్షణాలు. చీమిడి లేదు, దిబ్బడ లేదు, తల మాత్రం పగిలిపోతోంది, వెలుతురు చూడలేకపోతున్నారు అంటే మైగ్రేన్ గురించి డాక్టర్‌ను అడగండి. రోగం పేరు తప్పయితే ఎన్నేళ్లు మందు వాడినా దండగే.

ఈ లక్షణాలుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు

కన్ను వాచడం, ఒకటి రెండుగా కనిపించడం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మనిషి అయోమయంగా మాట్లాడటం. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్త. ముఖం ఒకవైపు మొద్దుబారినా, ముక్కు నుంచి నల్లటి స్రావం వచ్చినా అదే రోజు చూపించండి. అది బ్లాక్ ఫంగస్ కావచ్చు. 2021లో ఆ కేసులతో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఎలా నిండిపోయిందో మనందరికీ తెలుసు. షుగర్ కంట్రోల్ కూడా సైనస్ ట్రీట్‌మెంటే.

సర్జరీ చెబితే?

కంగారు పడకండి. మందులు, కడుగుడు సరిగ్గా వాడినా తగ్గనప్పుడు ఎండోస్కోపిక్ సర్జరీ మంచి మార్గం. ముఖం మీద కోత ఉండదు. ముక్కులోంచే వెళ్లి మూసుకున్న దారులు తెరుస్తారు. అయితే సర్జరీ దారి మాత్రమే తెరుస్తుంది. అలర్జీ, పాలిప్స్ పెరిగే గుణం ఒంట్లోనే ఉంటాయి. ఆపరేషన్ తర్వాత కూడా కడుగుడు, స్ప్రే కొనసాగించాలి.

కాబట్టి అలవాటు ఇవాళే పడాలి. ఈ రాత్రికే నీళ్లు మరిగించండి. నోట్‌బుక్‌లో మొదటి తేదీ వేయండి. రెండు నెలల తర్వాత డాక్టర్ ముందు కూర్చుని, "ఒక్క రోజు కూడా మానకుండా చేశానండీ, ఇంతవరకు తగ్గింది, ఇది మాత్రం తగ్గలేదు" అని చెప్పండి. స్ప్రే మార్చాలా, స్కాన్ తీయాలా, సర్జరీ చేయాలా అన్నది ఆ ఒక్క మాటతో డాక్టర్‌కు తేలిగ్గా తేలిపోతుంది. ఆ మాట చెప్పగలిగే పేషెంట్ మీరే కావాలి. అవుతారు కూడా.