కట్టించినవారి పేరు, కట్టినవారి పేరు

పేరు లేని ఊరు ఉండదు. ఊళ్ళో బడికి, వంతెనకు, చెరువుకు, చౌరస్తాకు కూడ ఏదో ఒక పేరుంటుంది. ఆ పేర్లు పరిశీలిస్తే రాజులవి, దేవుళ్ళవి, నాయకులవి కనిపిస్తాయి. ఇంజనీరు పేరు మాత్రం అరుదు. ఆ అరుదైన గౌరవాన్ని దేశదేశాల్లో పొందినవాడు ఫ్రెంచి ఇంజనీరు గుస్తావ్ ఐఫెల్. ఆ గౌరవం ఆయనకెట్లా దక్కింది, అందులో ఎవరి వాటా మరుగునపడింది, మన ప్రాంతంలో ఈ సంగతి ఎట్లా ఉన్నది అనే మూడు విషయాలు ఈ వ్యాసంలో విచారిద్దాం.

ఊరి పేరు మనిషికి, మనిషి పేరు ఊళ్ళకు

ఐఫెల్ 1832 డిసెంబరు 15న ఫ్రాన్సులోని దిజోన్ నగరంలో జన్మించాడు. ఆయన పూర్వీకులు జర్మనీలోని ఐఫెల్ అనే కొండ ప్రాంతం నుండి వలస వచ్చినవారు. ఇంటిపేరు బోనిక్‌హాసెన్. అది ఫ్రెంచివారి నోరు తిరగని పేరు కావడంతో, తాము విడిచివచ్చిన ప్రాంతం పేరును దానికి తగిలించుకున్నారు. 1880లో ఆయన చట్టప్రకారం ఐఫెల్ అనే పేరునే ఖాయం చేసుకున్నాడు. అంటే ఒక ప్రదేశం పేరు మనిషికి వచ్చింది, ఆ మనిషి పేరు తిరిగి ఎన్నో ప్రదేశాలకు పోయింది!

ఆయనకు పారిస్‌లోని పాలిటెక్నిక్‌లో సీటు దొరకలేదు. మరో విద్యాలయమైన ఎకోల్ సెంత్రాల్‌లో రసాయన శాస్త్రం ప్రధానంగా చదివి 1855లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత మూడేళ్ళకే బోర్దో నగరంలో రైలు వంతెన నిర్మాణ బాధ్యత ఆయన మీద పడింది. 1877లో పోర్చుగల్‌లోని పోర్తో వంతెన, అదే సంవత్సరం బుడాపెస్ట్‌లో పశ్చిమ రైల్వే స్టేషను, 1884లో గరాబీ వంతెన పూర్తయినాయి. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ లోపల దాన్ని నిలబెడుతున్న ఇనుప చట్రం కూడ ఆయన రూపకల్పనే.

ఈనాడు దిజోన్, బోర్దో, కషాన్, అర్మాంతియేర్ పట్టణాల్లో ఐఫెల్ పేరున ఉన్నత పాఠశాలలున్నాయి. బుడాపెస్ట్‌లోని ఫ్రెంచి పాఠశాలకు, ఆఫ్రికాలో మొజాంబిక్ రాజధాని మపూతోలోని ఫ్రెంచి పాఠశాలకు అదే పేరు. 2020 జనవరి నుండి పారిస్ పక్కన ఏకంగా ఒక విశ్వవిద్యాలయమే ఆయన పేరున నడుస్తున్నది. ఆ పేర్లలో కొన్ని వట్టి అలంకారం కావు. బోర్దో పిల్లల ఊళ్ళో ఆయన వంతెన ఉంది, బుడాపెస్ట్ పిల్లల ఊళ్ళో ఆయన కంపెనీ కట్టిన స్టేషను ఉంది.

టవర్ ఎవరిది?

ఐఫెల్ టవర్ నమూనాను మొదట ఊహించినవాడు ఐఫెల్ కాదు. 1884లో ఆయన కంపెనీలో పనిచేసే మోరిస్ కష్లాఁ, ఎమీల్ నుగియే అనే ఇద్దరు ఇంజనీర్లు మొదటి బొమ్మ గీశారు. అప్పటికి కష్లాఁ వయస్సు 28 ఏళ్ళు. స్తెఫాన్ సోవెస్త్ర్ అనే వాస్తుశిల్పి దానికి అందం కూర్చాడు. పేటెంటు ఐఫెల్, కష్లాఁ, నుగియే ముగ్గురి పేర్ల మీద తీసుకున్నారు. తర్వాత హక్కులను ఐఫెల్ కొనుక్కున్నాడు.

అట్లాగని ఐఫెల్ ఊరికే పేరు కొట్టేశాడనడం న్యాయం కాదు. ప్రభుత్వం ఇచ్చింది 15 లక్షల ఫ్రాంకులే, మిగతా పెట్టుబడి భారం ఆయన నెత్తికెత్తుకున్నాడు. రచయితలు, కళాకారులు పత్రికాముఖంగా తిట్టిపోస్తే జవాబిచ్చి నిలబడ్డాడు. 1887 జనవరిలో మొదలైన పని 1889 మార్చి 31 నాటికి ముగిసింది. 18,038 ఇనుప ముక్కలు, 25 లక్షల రివిట్లు, 7,300 టన్నుల ఇనుము! నాలుగు కాళ్ళూ మొదటి అంతస్తు దగ్గర సరిగ్గా కలవడానికి ఇసుక పెట్టెలు వాడారు. పెట్టెలోంచి కొంచెం కొంచెం ఇసుక వదిలితే దానిమీద ఆనుకున్న ఇనుప భాగం అంతంత కిందికి దిగుతుంది. ఎంత సులభమైన ఉపాయమో చూడండి!

ఐఫెల్ ఇంకొక పని చేశాడు. మొదటి అంతస్తు కింద నాలుగు వైపులా 72 మంది ఫ్రెంచి శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల, గణితవేత్తల పేర్లు పెద్ద అక్షరాలతో వేయించాడు. మెచ్చదగిన పనే. కాని ఆ 72లో ఒక్క స్త్రీ పేరూ లేదు. స్థితిస్థాపక తలాల సిద్ధాంతం మీద 1816లో పారిస్ అకాడమీ బహుమతి పొందిన సోఫీ జెర్మేన్ పేరు కూడ లేదు. ఆ లోటు తీర్చడానికి 72 మంది మహిళా శాస్త్రజ్ఞుల పేర్లు చేర్చాలని 2025లో పారిస్ నగరపాలన తలపెట్టింది. పేర్ల జాబితా తయారుచేసేవాని చేతిలో ఎంత అధికారం ఉంటుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మన వైపు సంగతి

ఒకప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న మన తెలుగు పట్టణం యానాంలో దాదాపు 100 మీటర్ల టవర్ ఉంది. జనం దాన్ని యానాం ఐఫెల్ టవర్ అనే అంటారు. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ పేరు, దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజికి పెట్టారు. కృష్ణా నది మీద పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్.రావు పేరుంది. నాగపూర్‌లోని ఎన్.ఐ.టి., బెల్గాంలోని సాంకేతిక విశ్వవిద్యాలయం విశ్వేశ్వరయ్య పేరు మోస్తున్నాయి.

హైదరాబాదులో మాత్రం వేరు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద వెలసిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఒకటి నిజాం పేరు, రెండోది ఆయన కొడుకు పేరు. నిజాంసాగర్ నిర్మాణానికి సారథ్యం వహించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ఆ జలాశయానికి రాలేదు. ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకోవడంతో ఆ బాకీ కొంత తీరింది.

ఇక మన ఓరుగల్లు సీమకు వద్దాం. పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. శాసనం ఆ మాట చెబుతుంది. దేవుడు రుద్రేశ్వరుడు. కాని ఎవరినడిగినా రామప్ప గుడి అంటారు, చెరువు కూడ రామప్ప చెరువే. రామప్ప అక్కడి శిల్పి అని జనశ్రుతి. ఆ గుడి పునాది కింద ఇసుక నింపారు, శిఖరానికి నీళ్ళలో తేలే ఇటుకలు వాడారు. పారిస్‌లో ఇసుక పెట్టెలు వాడడానికి ఆరున్నర శతాబ్దాల ముందే మనవాళ్ళు ఇసుకను నమ్ముకున్నారన్నమాట! 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ గుడికి, కట్టినవాని పేరును ఏ ప్రభుత్వమూ పెట్టలేదు, జనం పెట్టారు.

రఘునాథపల్లి విషయం చూడండి. వరంగల్లు జిల్లాలో ఉండి 2016లో జనగామ జిల్లాకు మారిన ఈ మండలంలోనే ఖిలాషాపూర్ కోట ఉంది. సర్వాయి పాపన్న పేరు అందరికీ తెలుసు. ఆ గోడ లేపిన మేస్త్రీ పేరు చెప్పగలిగినవారెవరు? 1886లో సికింద్రాబాదు నుండి వరంగల్లు దాక వేసిన రైలు మార్గం రఘునాథపల్లి మీదుగానే వస్తుంది. ఆ దారిన కాలేజీకి వచ్చే విద్యార్థులు ఎన్ని మోరీలు, ఎన్ని వంతెనలు దాటుతున్నారో! వాటిని కట్టినవారి పేరు వేసిన ఫలకం ఎన్నిటికి ఉంది?

ప్రారంభోత్సవ శిలాఫలకం మీద అధ్యక్షుల పేర్లు, ముఖ్య అతిథుల పేర్లు చోటు సరిపోనంతగా ఉంటాయి. లెక్క వేసిన ఇంజనీరుకు, గోడ కట్టిన మేస్త్రీకి అక్కడ ఒక్క వరుస కూడ దొరకదు. ఇంజనీరింగు చదివే పల్లెటూరి పిల్లవాడు తన ఊరి చెరువు మత్తడి మీద తనలాంటివాని పేరొకటి చదువుకుంటే, ఆ చదువు మీద వానికి కలిగే గౌరవం వేరుగా ఉంటుంది.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవుల్లో మీ ఊరికి పోయినప్పుడు బడి, వంతెన, చెరువు తూము ఎవరు కట్టారో పెద్దవాళ్ళనడిగి రాసిపెట్టండి. వడ్డెర కుటుంబాల్లోని ముసలివాళ్ళకు తమ తాతలు ఏ కట్ట పోశారో ఇంకా జ్ఞాపకం ఉండవచ్చు. వాళ్ళు ఉండగానే అడగాలి. ఐఫెల్ తన టవర్ మీద 72 పేర్లు వేయించాడు. మన కాలేజీ నుండి ఊరికొక్క పేరు తెచ్చినా ఆ జాబితాను మించిపోతాం.