గుడి బాగుచెయ్యాలా, పడగొట్టి కట్టాలా? జీర్ణోద్ధరణ గురించి ఒక లెక్క



జీర్ణోద్ధరణ మీద చేసిన వీడియోలో శాస్త్రం గురించి చెప్పుకున్నాం కానీ డబ్బు లెక్క చెప్పలేకపోయాం. అది కాగితం మీద చూస్తేనే అర్థమవుతుంది. అందుకే ఈ పాఠం.

ఊళ్ళో పాత గుడి ఉంటుంది. పైకప్పు కారుతుంది, గోడ బీటలు వారుతుంది, విమానం మీద రావి మొక్కలు లేస్తాయి. కమిటీ కూర్చుంటే సగం మంది "ఎంత బాగుచేసినా పాతది పాతదే, పడగొట్టేద్దాం" అంటారు. మిగతా సగం మంది "తాతల నాటి గుడి, ముట్టుకోవద్దు" అంటారు. ఇద్దరిదీ భక్తే. కానీ సిమెంటు, ఇనుము, ఇసుక, శిల్పుల కూలీ ఏటా పెరుగుతున్న ఈ రోజుల్లో భక్తితో పాటు కూడికలు, తీసివేతలు కూడా కావాలి.

ముందు శాస్త్రం సంగతి. పాతదాన్ని నిలబెట్టడం మన పెద్దలకు చిన్న విషయం కాదు. అగ్ని పురాణంలో జీర్ణోద్ధరణకు వేరే అధ్యాయాలున్నాయి. మయమతం అనే శిల్పశాస్త్ర గ్రంథంలో మరమ్మతుల గురించే "అనుకర్మ" అనే అధ్యాయం ఉంది. కొత్త గుడి కట్టడం కన్నా జీర్ణమైన గుడిని నిలబెడితే పుణ్యం ఎక్కువని పెద్దలు అంటూ ఉంటారు కదా. ఎందుకంటారో బాలాలయం సంగతి తెలిస్తే అర్థమవుతుంది.

గర్భాలయంలో పెద్ద పని పెట్టుకుంటే స్వామి కళలను కలశంలోకి ఆకర్షించి, పక్కన చిన్న ఆలయంలో పూజలు జరిపిస్తారు. అదే బాలాలయం. పని పూర్తయ్యాక సంప్రోక్షణ చేసి కళలను మళ్ళీ మూలమూర్తిలోకి చేరుస్తారు. తిరుమలలో 12 ఏళ్ళకోసారి ఇలా అష్టబంధన బాలాలయ మహా సంప్రోక్షణ జరుగుతుంది, కిందటిసారి 2018 ఆగస్టులో జరిగింది. అక్కడ కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. యాదాద్రిలో స్వయంభువు వెలసిన గుహను అలాగే ఉంచి చుట్టూ కృష్ణశిలతో కొత్తగా కట్టారు. ప్రభుత్వమే వెనక నిలబడినా 2016లో మొదలైన బాలాలయం 2022 మార్చి 28న గానీ ముగియలేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి చూద్దాం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకే. కొత్త గుడి అంచనా 80 లక్షలు, చేతిలో 30 లక్షలు, ఇంకా కావలసింది 50 లక్షలు. ఏటా చందాలు 5 లక్షలు వస్తాయి. అంటే "పదేళ్ళలో అయిపోతుంది" అని లెక్కేస్తారు. కానీ ఖర్చులు ఏటా 8 శాతం పెరిగితే? మిగిలిన 50 లక్షల పని ఏడాది తిరిగేసరికి 54 లక్షలవుతుంది. 5 లక్షల చందా పెడితే ఇంకా 49 మిగులుతుంది. ఏడాదంతా ఊరు ఊరంతా తిరిగి వసూలు చేస్తే తగ్గింది ఒక్క లక్ష! ఈ లెక్క చివరిదాకా వేస్తే పదేళ్ళు కాదు, దాదాపు 21 ఏళ్ళు పడుతుంది. చందా ఏటా 4 లక్షలే అయితే ఆ గుడి ఎప్పటికీ పూర్తి కాదు.

వీడియోల కోసం తిరిగేటప్పుడు ఇలాంటివి చూస్తుంటాం. పిల్లర్ల మీద ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఆకాశంలోకి లేచి ఉంటాయి, స్వామి మాత్రం పక్కన రేకుల షెడ్డులో ఉంటాడు. పాత గుడి రాళ్ళు రోడ్డు పక్కన పడి ఉంటాయి.

మరమ్మతుకు ఈ ప్రమాదం తక్కువ. 5 లక్షలుంటే 5 లక్షల పని చేసి ఆపొచ్చు. పైకప్పు కారడం ఆగితే ఆ ఏడాదికి అదే లాభం. స్వామి చాలావరకు తన చోటే ఉంటాడు. (మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకూ ఈ జబ్బు ఉంది. పాత కోడ్ చూడగానే అంతా తీసేసి మొదటినుంచి రాద్దామంటాం. డెడ్‌లైన్ దాటాక పాతదాని విలువ తెలుస్తుంది.)

అయితే మరమ్మతు పేరుతో గుడిని పాడుచేసేవాళ్ళూ ఉన్నారు. మొదట చూడాల్సింది నీళ్ళు: వాన నీరు ఎక్కడ దిగుతోంది, ఎక్కడ నిలుస్తోంది. తర్వాత మొక్కలు. పైన కొమ్మ నరికితే రావి మళ్ళీ లేస్తుంది, వేరు చచ్చేలా చెయ్యాలి. రంగులు అన్నిటికన్నా చివర. డంగు సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూత వెయ్యకండి. సున్నం గోడలోని తేమను బయటికి వదులుతుంది. గట్టి సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, దాంతో ఉప్పు పేరుకుని రాయి పెచ్చులూడుతుంది. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి సున్నం పని చేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వెతకండి. రాతి స్తంభాలకు ఆయిల్ పెయింట్ కూడా అలాంటిదే. ఇసుకతో రాపిడి చేయించి శుభ్రం చేస్తే శాసనాల అక్షరాలే అరిగిపోతాయి.

కొత్తగా కట్టక తప్పని సందర్భాలూ ఉంటాయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. అక్కడ కొత్త గోపురం తప్ప దారి లేదు, 2017లో అది సిద్ధమైంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పాత రాళ్ళతోనే మళ్ళీ నిలబెట్టారు. కానీ విప్పింది 2000 దశకం మధ్యలో, తిరిగి తెరుచుకుంది 2024 శివరాత్రికి!

మీ గుడి ఏ స్థితిలో ఉందో తెలియాలంటే బీట మీద అడ్డంగా చిన్న గాజు ముక్క అతికించి తేదీ రాయండి. ఒక వానాకాలం గడిచాక గాజు పగిలిందంటే గోడ కదులుతోందని అర్థం, వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీర్ని పిలవాలి. పగలకపోతే ఆ బీట పాతదే కావచ్చు, అయినా ఒకసారి చూపించుకోండి. దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధి నుంచి పాత గుళ్ళకు సాయం అందుతుంది, ఊరివాళ్ళు కొంత వాటా కట్టాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడి అయితే అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపకూడదు.

అన్నీ చూశాక కొత్తదే కట్టాలని నిర్ణయిస్తే, కమిటీ తీర్మానాల పుస్తకంలో రెండు అంకెలు రాయించండి: శిఖరం దాకా అయ్యే ఖర్చులో ఎంత చేతిలో ఉంది, బాలాలయం ఏ తేదీకి ముగుస్తుంది. ఆ రెండూ రాశాకే పాత గోడ మీద మొదటి గునపం పడాలి.