గీసినా కనిపించని గ్రాఫు

గత త్రైమాసిక సమీక్షకు ముందు రోజు సాయంత్రం జనక్‌పురిలోని మా ఆఫీసులో కూర్చుని ఎస్‌ఎంఏ ఖాతాల గ్రాఫులు తీస్తున్నాను. టర్మ్ లోన్లలో బకాయి 30 రోజుల వరకు ఉంటే ఎస్‌ఎంఏ-0, 31 నుంచి 60 వరకు ఎస్‌ఎంఏ-1, 61 నుంచి 90 వరకు ఎస్‌ఎంఏ-2 అని మనకు తెలిసిందే. 90 దాటితే ఎన్‌పీఏ. ఏ శాఖలో మూడో రకం పెరుగుతోందో ముందే కనిపిస్తే, ఆ వారంలోనే రుణగ్రహీతను కలవవచ్చు.

ఆర్‌లో జీజీప్లాట్2 వాడి ఒక శాఖకు వరుసగా టైప్ చేస్తే గ్రాఫు చక్కగా వచ్చింది. అవే వరుసలను స్క్రిప్టులో ఫర్ లూప్‌లో పెట్టి, అన్ని శాఖలకూ నడిపాను. ఎర్రర్ లేదు, గ్రాఫూ లేదు. డేటాలోనే తప్పుందనుకుని, సీబీఎస్ నుంచి తీసిన ఫైలునే రెండు గంటలపాటు మళ్లీ మళ్లీ సరిచూశాను. ఎర్రర్ వచ్చి ఉంటే కనీసం ఎక్కడ వెతకాలో తెలిసేది.

అసలు సంగతి ఏమిటంటే, జీజీప్లాట్ గ్రాఫును తయారుచేసి చేతిలో పెడుతుంది, అంతే. వోచరు ఎంట్రీ వేశారు, పాస్ చేయలేదు అన్నమాట. పాస్ చేసే పని ప్రింట్‌ది. కన్సోల్‌లో టైప్ చేసినప్పుడు ఫలితాన్ని ఆర్ తనంతట తానే ప్రింట్ చేస్తుంది. ఫంక్షన్ లోపల, లూప్‌లో, సోర్స్‌తో స్క్రిప్టు నడిపినప్పుడు ఆ పని మనమే చెప్పాలి. గ్రాఫుకు పి అని పేరు పెట్టి, లూప్‌లో చివరన ప్రింట్(పి) అని రాస్తే చాలు. లాటిస్ గ్రాఫులదీ ఇదే తీరు. పాత ప్లాట్ కమాండ్ మాత్రం పిలవగానే గీసేస్తుంది, తికమక అక్కడే. ఆర్ అధికారిక ప్రశ్నోత్తరాల్లో ఈ ప్రశ్న కూడా ఉందని తెలిశాక, నేనొక్కడినే కాదని కాస్త ఊరట కలిగింది.

పైథాన్ వాడే మిత్రులకూ ఒక మాట. జూపిటర్ నోట్‌బుక్‌లో కనబడే మ్యాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫు, స్క్రిప్టుగా నడిపితే కనబడదు. చివర షో అని రాయాలి. ఫైలుగా దాచాలంటే సేవ్‌ఫిగ్‌ను షో కన్నా ముందే రాయండి. తర్వాత రాస్తే తరచూ ఖాళీ బొమ్మే మిగులుతుంది.

ఆ ఒక్క వరుస చేర్చాక, రాత్రి ఎనిమిదిన్నరకు గ్రాఫులన్నీ వచ్చాయి. ఒక శాఖలో మూడో కడ్డీ మిగతా రెండింటికన్నా ఎత్తుగా ఉంది. జనక్‌పురి వెస్ట్‌లో మెట్రో ఎక్కకముందే ఆ శాఖ మేనేజరుగారికి ఫోన్ చేశాను.