బత్తాయి, నిమ్మ తోటలకు సోకు గ్రీనింగు తెగులు – క్రొత్త మాంసకృత్తు మందు

బత్తాయి, నారింజ, నిమ్మజాతి చెట్లకు సోకు తెగుళ్ళలో గ్రీనింగు తెగులు మిక్కిలి హానికరమైనది. అమెరికా దేశపు ఫ్లోరిడా రాష్ట్రమున 2003–04లో నారింజ పంట 24 కోట్ల పెట్టెలు. 2005లో అచట ఈ తెగులు కనబడెను. తెగులునకు తుపానులును తోడై, 2022–23 నాటికి పంట సుమారు 1.6 కోట్ల పెట్టెలకు దిగెను. ఈ తెగులు మన దేశమునను కలదు. కావున నల్లగొండ బత్తాయి రైతులును, అనంతపురము చీనీ రైతులును దీనిని గుర్తెరుగవలెను.

కారణము.– కంటికి కానరాని బాక్టీరియా చెట్టులో ఆహారమును మోయు నాళములందు చేరి వృద్ధిపొందును. అందుచే ఆకులలో తయారైన ఆహారము వేళ్ళకు చక్కగా అందక, వేళ్ళు క్షీణించును. సిల్లా అను చిన్న పురుగు లేత చిగుళ్ళ రసమును పీల్చుచు ఈ బాక్టీరియాను చెట్టునుండి చెట్టునకు చేర్చును. రోగముగల చెట్టు కన్నుతో కట్టిన అంటువలనను తెగులు వ్యాపించును.

గుర్తులు.– ఆకు నడిమి ఈనెకు ఇరుప్రక్కల పసుపుమచ్చలు ఒకే తీరుగా నుండవు. జింకు ధాతువు లోపించినచో పసుపు రెండు ప్రక్కల సమానముగా నుండును. ఈ భేదమును రైతు మరువరాదు. తెగులు సోకిన చెట్టు కాయలు చిన్నవై, వంకరలై, అడుగుభాగము పచ్చగనే నిలిచి, చేదుగా నుండును.

ఇదివరకటి చికిత్స.– టెట్రాసైక్లీను జాతి మందును మ్రానులోనికి ఎక్కించుట కలదు. దీనివలన బాక్టీరియా కొంతకాలము తగ్గును గాని నిర్మూలము కాదు. పదేపదే వాడినచో బాక్టీరియా ఆ మందునకు లొంగకపోవు ప్రమాదమును కలదు.

క్రొత్త మందు.– ఆస్ట్రేలియా దేశమున వ్రేలివలె పొడుగైన కాయలు కాయు ఒక నిమ్మజాతి ఈ తెగులును తట్టుకొనుచున్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖలో హైలింగ్ జిన్ గారును, వారి సహచరులును దానిని శోధించి, అందలి ఒక చిన్న మాంసకృత్తును 2021లో ప్రకటించిరి. ఇట్టివానిని పెప్టైడులందురు. ఇది 67 అమైనో ఆమ్లముల గొలుసు. బాక్టీరియా పైపొర దీనిచే చెడి, లోని పదార్థము కారిపోయి, ఆ జీవి నశించును. చెట్టునకు సహజముగాగల రోగనిరోధకశక్తిని గూడ ఇది మేల్కొలుపును. ఎండవేడిమికి త్వరగా చెడదు. గాజుటింటి మొక్కలపై జరిపిన పరీక్షలలో రోగము తగ్గుటయేగాక, ఆరోగ్యముగల మొక్కలకు తెగులు సోకుటయు తగ్గెను. ఆకులపై చల్లియు, మ్రానులోనికి ఎక్కించియు దీనిని వాడవచ్చును.

హెచ్చరిక.– గాజుటింటి మొక్క వేరు, పొలములోని ముదురు చెట్టు వేరు. కుళ్ళిన వేళ్ళను ఏ మందును తిరిగి మొలిపింపజాలదు. కావున పెప్టైడు పేర సంతలో ఎవరేని సీసా చూపినంతనే రైతు సొమ్ము పోగొట్టుకొనరాదు. 1968 నాటి పురుగుమందుల చట్టము ననుసరించి ఇచ్చిన రిజిస్ట్రేషను నంబరు సీసాపై లేనిచో దానిని కొనరాదు.

రైతులు చేయవలసిన పనులు.–

1. నమ్మకమైన నర్సరీలో, రోగములేని తల్లిచెట్టు కన్నుతో కట్టిన అంటులనే నాటవలెను.

2. చిగురు వచ్చిన ప్రతిపర్యాయము సిల్లా పురుగును వెదకవలెను. అది వాలినపుడు తల దించి, తోక పైకెత్తి యుండును. కనబడిన వెంటనే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి చల్లవలెను.

3. కరివేప చెట్టుపైనను ఈ పురుగు పెరుగును. కావున తోటగట్టున కరివేప నాటరాదు.

4. అనుమానముగల ఆకులను వ్యవసాయాధికారికి చూపి, పరీక్ష చేయింపవలెను. తెగులు నిశ్చయమైన చెట్టును మొదట పురుగుమందు చల్లి, పిదప వేళ్ళతో పెకలించి కాల్చవలెను.

కాయుచున్న చెట్టును నరుకుట రైతునకు కష్టమే. అయినను ఆ యొక్క చెట్టును దాచినచో, దానినుండి తెగులు తన తోటకేగాక పొరుగువాని తోటకును ప్రాకును.