కామాఠీపుర ఏ అరల ఉంటది?

ఫాక్‌లాండ్ రోడ్,
ముంబై.

బుజ్జీ,

నీ సంగతి మీ అమ్మ ఫోన్ల చెప్పింది. ప్రాజెక్టు కోసం లైబ్రరీకి పోయి, చరిత్ర అర ఒక్కటి చూసి, మన కామాఠీపుర మీద పుస్తకాల్లేవని తిరిగొచ్చినవట. గంత తొందరైతే ఎట్ల తల్లీ? కోపం గాదు, విను.

చిన్నప్పుడు మన వాడల తొమ్మిదో గల్లీ అంటే కండ్లు మూసుకొని ఉరికేదానివి. కథలు గాని పుస్తకాలకు గూడ అట్లనే నంబర్లుంటయి. 1876ల మెల్విల్ డ్యూయీ అనే అమెరికా ఆయన చదువునంత పది భాగాలు చేసిండు. అయితే ఆయన పంచింది శాస్త్రాలను, ఊర్లను గాదు. అందుకే మన వాడ ఒక్కతాన దొరకది. నగర చరిత్ర 954ల ఉంటది. ఎయిడ్స్ వైద్యం 616ల, ఆ రోగుల బాగోగులు 362ల. వ్యభిచారం మీద రాసినయి 306.74ల. నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయిల ఇండ్లు, రోడ్లు కట్టిన మనోళ్ల అసోంటి కూలీల కథ 331ల. బయటోళ్లకు మన వాడంటే ఆ 306.74 ఒక్కటే యాదికొస్తది, నాకు మండుతది. అది గూడ చదువు, వద్దన. కానీ 331 కాడ ఎక్కువసేపు కూసో.

చుక్క తర్వాత అంకెలు జర చూసుకో. 331.544 ముందొస్తది, 331.6 తర్వాత. ఐదు వందల నలభై నాలుగు పెద్దదని అటు దిక్కు పోకు, వలస కూలీల పుస్తకాలు 331.544లనే ఉంటయి.

మన దేశపు లైబ్రరీ పండితుడు రంగనాథన్ గారు 1933ల పుస్తకాలకు నంబర్లిచ్చే కోలన్ పద్ధతి తెచ్చిండు. విషయం, చోటు, కాలం వేరువేరుగ గుర్తువట్టి ఒక్క నంబర్ల కలుపుతడు. నాకు అదే నచ్చుతది, కానీ నీకు ఎక్కువ తగిలేది డ్యూయీనే.

అరల కాడికి పోకముందే కేటలాగు చూడు. ముంబై అని, బొంబాయి అని, రెండు పేర్లతోటి వెతుకు. మన రోడ్డు గూడ కాగితాల మీద పఠ్ఠే బాపూరావు మార్గ్. దొరకకపోతే లైబ్రేరియన్‌ను అడుగు, సిగ్గెందుకు?

పుస్తకాలల్ల లేనిది తాతను అడుగు. పొద్దుగాల ఫోన్ చెయ్యి, జర గట్టిగ మాట్లాడు, ఆయనకు వినపడ్తలేదు.

నీ పెద్దమ్మ