ఎండోమెట్రియోసిస్ - సంతానప్రాప్తి

ఋతు సమయంలో కొద్దిపాటి నొప్పి చాలామంది స్త్రీలకు అనుభవమే. అయితే నెలనెలా మంచం పట్టించే నొప్పిని సైతం "ఆడపుట్టుకకు ఇది మామూలే, పెళ్ళయితే అదే తగ్గిపోతుంది" అని సరిపెట్టడం మన ఇళ్ళలో పరిపాటి. ఆ నొప్పి వెనుక ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధి దాగి ఉండవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయస్సులోని స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అనగా దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. ఇది సంతానప్రాప్తికి ఏ విధంగా అడ్డు తగులుతుందో, ఆ అడ్డును దాటే మార్గాలేవో పరిశీలిద్దాం.

వ్యాధి స్వరూపం: గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల, అనగా అండాశయాలపైనా ఉదరకుహరపు పొరపైనా పెరగడమే ఈ వ్యాధి. ఋతురక్తంలో కొంతభాగం అండనాళాల గుండా వెనుకకు మళ్ళి ఉదరంలో చేరడమే దీనికి కారణమని 1927లో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించాడు. కాని రక్తం అలా మళ్ళడం చాలామంది స్త్రీలలో జరిగేదే. వ్యాధి మాత్రం కొందరికే వస్తుంది. కనుక ఈ సిద్ధాంతం ఒక్కటే సమస్తాన్నీ వివరించజాలదు.

సంతానంపై ప్రభావం: ఈ కణజాలం కలిగించే వాపు వలన లోపలి అవయవాలు క్రమంగా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వంగిపోయిన లేక మూసుకుపోయిన అండనాళం అండాన్ని అందుకోలేదు. అండాశయంలో పాతరక్తంతో నిండిన "చాక్లెట్ తిత్తులు" ఏర్పడితే అండాల నిల్వ తరగవచ్చును. అయినప్పటికీ ఈ వ్యాధి గల అనేకమంది చికిత్స లేకుండానే తల్లులవుతున్నారు. వ్యాధి పేరు వినగానే "గొడ్రాలు" అని ముద్ర వేయడం అజ్ఞానం.

చికిత్సా మార్గాలు: నొప్పిని తగ్గించే హార్మోను మాత్రలు సాధారణంగా అండం విడుదలను ఆపుతాయి, అవి గర్భావకాశాన్ని పెంచవు. కావున సంతానం కోరుతున్న సంగతి వైద్యులకు ముందే చెప్పాలి. వ్యాధి స్వల్పంగా ఉన్నప్పుడు లాపరోస్కోప్ శస్త్రచికిత్స తోడ్పడవచ్చును. 1997లో ప్రచురితమైన కెనడా పరిశోధనలో 341 మంది స్త్రీలను 36 వారాలు గమనించగా, శస్త్రచికిత్స పొందినవారిలో సుమారు 31 శాతం, పొందనివారిలో 18 శాతం గర్భం ధరించారు. అయితే తిత్తులను తొలగించునప్పుడు ఆరోగ్యవంతమైన అండాశయ భాగం కూడా పోయే ప్రమాదమున్నది.

నాళాలు తెరచి ఉంటే, అండోత్పత్తికి మందులిచ్చి, శుద్ధిచేసిన వీర్యాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టే పద్ధతి కలదు. నాళాలు చెడినా, వయస్సు మీరుతున్నా టెస్ట్‌ట్యూబ్ పద్ధతి మేలు. 1978లో ఇంగ్లండులోనూ, అదే ఏడాది కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి వలననూ ఈ పద్ధతిలో శిశువులు జన్మించారు. నేడు మనదేశంలో ఇట్టి చికిత్సాలయాలను 2021 నాటి చట్టం నియంత్రిస్తున్నది. ఏ మార్గమైనా భర్తకు వీర్యపరీక్ష జరిపిన పిమ్మటే నిర్ణయించాలి.

ముగింపు: వయస్సుతో అండాలు తరుగుతాయి గనుక ఈ వ్యాధిలో కాలమే విలువైనది. వ్యాధి గుర్తింపునకు తరచు ఏళ్ళు పడుతున్నది. అందుకు మన మౌనం కూడా ఒక కారణం. తరగతికి రాలేనంత నొప్పి నెలనెలా వస్తుంటే విద్యార్థినులు తల్లితోనో అధ్యాపకురాలితోనో చెప్పి వైద్యురాలిని సంప్రదించాలి. కళాశాల సంఘం వారు ఏటా ఒక వైద్యురాలి ఉపన్యాసం ఏర్పాటు చేసినచో ఆ మౌనం కొంతైనా తొలగగలదని మనం ఆశించవచ్చును.